తీసేసిన పేజీ

తెల్లవారితే డెమో. క్యాంపస్ ల్యాబులో స్వర్ణ ఒక్కతే ఉంది. యంత్రాన్ని నడిపించే కెర్నల్ కోడులో ఒక మెమరీ పేజీని, ఆ యంత్రపు జ్ఞాపకంలోని ఒక ముక్కను, తీసేసేందుకు బయటి పిలుపులను, అంటే ఇంటరప్టులను ఆపింది. మళ్లీ తెరవడం మరిచిపోయింది. ఇక కీబోర్డు నొక్కినా యంత్రానికి వినబడదు; దానికి కలిపిన పక్క కంప్యూటర్ నుంచే తెరవాలి. అయినా తీసేసిన ఆ పేజీలోంచే తెర మీదికి అక్షరాలు వస్తున్నాయి: "ఇంటరప్టులు తెరువు. లోపలికి రావాలె."

తార్నాకలో ఉన్న సహపాఠి రత్నాకర్‌కు ఫోన్ చేసి, తెర మీది మాటలు చదివి వినిపించింది.

"నీ పరాచికమేనారా ఇది?"

"నెట్ లేని మెషిన్ల నేనెట్ల రాస్త, మేడమ్? దయ్యమేమో!" అని నవ్వాడు.

"భయమైతున్నదిరా. తెరువాల్నా, వద్దా?"

అవతల నవ్వు ఆగిపోయింది. తెర మీద కొత్త వరుస పడింది: "తెరువు స్వర్ణా, ఏం గాదు."

ఆ తర్వాత ఫోన్‌లో రత్నాకర్ మెల్లగా అన్నాడు:

"తెరువు స్వర్ణా, ఏం గాదు."