అక్క టైపు చేసే నవ్వు

మందుల షాపులో ఆ రాత్రి డ్యూటీ చెల్లెలిది. షట్టర్ సగం దించి, అరల మధ్య చీకటి సందుకు వీపు పెట్టి కూర్చుంది. ఎక్కడో దూరపు ఊళ్లో ఉన్న అక్కతో రెండేళ్లుగా మాటల్లేవు. మనసు ఆగక మెసేజ్ పెట్టింది.

"పడుకున్నావా అక్కా?"

"లేదే. ఏదైనా నవ్వొచ్చేది చెప్పు."

నవ్వొస్తే అందరూ ఓ పసుపు బొమ్మ పంపి చేతులు దులుపుకుంటారు. అక్క మాత్రం ఓపిగ్గా "హిహ్హిహ్హీ" అని టైపు చేసేది. అచ్చం తన నవ్వే. చిన్నప్పుడు చెల్లెలు కథల పుస్తకం చదువుతుంటే, వెనక నుంచి భుజం మీద గడ్డం ఆనించి, చెల్లెలికంటే ముందే పేజీ చివరికి చేరి అలాగే నవ్వేది. విసుక్కుంటూనే చెల్లెలు అక్కకూ కనబడేలా పుస్తకం కాస్త వంచేది.

"ఇవాళ ఒకాయన నిద్రమాత్రల కోసం వచ్చి, నేను తెచ్చేలోపే బల్ల మీద తలవాల్చి" అని రాసి ఆగింది. ఇంకా పంపలేదు.

"హిహ్హిహ్హీ" అని వచ్చింది.

మందుల ఫ్రిజ్ మోత ఆగిపోయింది. మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది.

చెల్లెలు వెనక్కి తిరగలేదు. ఫోన్ కాస్త వంచి, మిగతాది రాయసాగింది.