ఎనిమిదో పేరు

వికారాబాదు నుంచి తాండూరు దాకా రైల్లో ఏసుదాసు మాస్టరు ఎవరితోనూ మాట్లాడలేదు. నోరు తెరిస్తే తిట్లే వచ్చేలా ఉన్నాయి.

వాల్తేరులో సముద్ర జీవశాస్త్రం చదవడానికి ఆ ఏడు, 1962లో, ఎనిమిది మందినే తీసుకున్నారు. ఎనిమిదో పేరు ఆయన శిష్యుడు సుధాకర్‌ది. బండల గనిలో రాళ్లు కొట్టే జంగప్ప కొడుకు. హైస్కూలు చదువంతా మాస్టరు ఇంట్లోనే ఉండి, ఆ ఇంటి అన్నం తిని పూర్తి చేశాడు. అలాంటివాడు నాకు ఆ సీటు వద్దని ఉత్తరం రాసి పడేశాడట. పొద్దున్నే వాడి స్నేహితుడొకడు చెబితే తెలిసింది.

సుధాకర్ గని దగ్గర తండ్రి పక్కన కూర్చుని బండ కొడుతున్నాడు. మాస్టరును చూసి జంగప్ప గబగబా లేచి, గుడిసె ముందు మంచం వాల్చాడు. మాస్టరు కూర్చోలేదు.

ఎందుకు వద్దన్నావని అడిగారు. సుధాకర్ తల దించుకున్నాడు. నీళ్లంటే భయమా అని అడిగారు. మాస్టరు గొంతు పెరిగింది. ఆ చదువు చదివితే చేపల శాఖలో ఆఫీసరు కావచ్చు, ఓడెక్కి నడిసముద్రంలో పరిశోధన చేయొచ్చు, ముత్యపు చిప్పలు పెంచొచ్చు, ఏదీ కాకుంటే కాలేజీలో పాఠాలు చెప్పుకోవచ్చు, ఇక్కడుంటే నీ తండ్రిలా దుమ్ము మింగుతూ దగ్గుకుంటూ చస్తావు అని కేకలేశారు. కూలీలు పని ఆపి చూస్తున్నారు.

“నా సొంత బిడ్డకు రాని సీటు నీకొచ్చింది. అయినా సంబురపడ్డ. గిందుకేనారా?”

“నాకు పోబుద్ధి అయితలేదు సార్,” అన్నాడు సుధాకర్.

మాస్టరు చెయ్యి లేచింది. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఏ పిల్లవాడి మీదా లేవని చెయ్యి. దెబ్బ గనంతా వినిపించింది. తిన్న ఇంటి విశ్వాసం లేనివాడా అన్నారు. మళ్లీ నా గడప తొక్కకు అన్నారు.

సుధాకర్ చెంప కూడా తడుముకోలేదు.

అంతవరకు గుమ్మంలో నిలబడి చూస్తున్న తల్లి ఇంద్రమ్మ విసురుగా బయటికొచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. చెప్పొద్దన్నట్టు కొడుకు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది.

“మొన్న మీ ఇంటామె గీడికొచ్చి, తొమ్మిదో పేరు మా బిడ్డదే, నువ్వు తప్పుకో కొడుకా అని వీని కాళ్లు పట్టుకున్నది సారూ.”