శుక్రవారం చెప్పాల్సిన దారి

నిచ్చెన విరిగింది. టోపీ పెట్టుకున్న చిన్న మనిషి మళ్లీ కింద పడ్డాడు.

"థూ!" అన్నాడు నాగేందర్.

బోధన్ బస్టాండు పక్కన అతనిది ఫోన్ల రిపేరు దుకాణం. చేతిలో ఉన్నది మాత్రం ఫోను కాదు. అరచేతిలో పట్టే పాత వీడియో గేమ్.

చిన్నప్పుడు అన్న భూమేష్ దుబాయ్ నుంచి పంపించాడు. ఇన్నేళ్లు సందుగ పెట్టెలో పడి ఉంది. చిలుము గీకి, తెగిన తీగ అతికించి, ఈ పొద్దున్నే బతికించాడు.

చూడటానికి చిన్న ఆటే. తాళంచెవి వెతకాలి. బండలు జరపాలి. నిచ్చెనలెక్కి తలుపు తీయాలి. కిటుకు తెలియకపోతే ఒక్క తలుపూ తెరుచుకోదు.

అప్పట్లో కిటుకు చెప్పింది అన్నే. శుక్రవారం దుబాయ్‌లో సెలవు. ఆ రోజు ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసేవాడు. తల్లి మాట్లాడుతుండగానే నాగేందర్ ఫోను లాక్కునేవాడు.

"అన్నా, బండ కాడ ఆగిపోయిన!"

"వచ్చే వారం చెప్తరా తమ్మీ."

చెప్పేవాడు. తలుపు తెరుచుకునేది.

ఈ నిచ్చెన దగ్గర ఆగిపోయానని చెప్పాక, తర్వాతి శుక్రవారం ఫోను రాలేదు. భూమేష్ చెక్కపెట్టెలో వచ్చాడు.

ఈ ఒక్క తలుపు తీస్తే చాలు నాగేందర్‌కు. అవతల అన్న నిలబడి ఉన్నాడేమో అన్నట్టు ఆడుతున్నాడు.

"నువ్వు భూమేష్ తమ్మునివే గదా?"

తలెత్తాడు. ఎవరో పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, అత్తరు వాసన, చేతిలో బ్యాగు.

నాగేందర్ మొహం గట్టిపడింది. అన్న పోయిన ఏడాది ఇలాంటి చొక్కా వేసుకున్న ఏజెంటు ఒకడు వచ్చాడు. అన్న పేరే చెప్పాడు. పరిహారం ఇప్పిస్తానని తల్లితో వేలిముద్రలు వేయించుకుని పోయాడు. మళ్లీ కనబడలేదు.

"ఔ. ఏం గావాలె?"

"నా పేరు రాజనర్సు. మాది వేల్పూరు. రాత్రికి మళ్ల దుబాయ్ పోతున్న. అవ్వను ఒక్కపాలి సూసి పోదామని. మంచిగున్నదా?"

"మా అవ్వ కాడ ఇగ ఏలిముద్రలు లెవ్వు. అన్నీ అయిపోయినయి."

"ఏలిముద్రలేంది తమ్మీ?"

"ఏజెంటువు గాదా నువ్వు?"

"నేను ఏజెంటునా?" పెద్దాయన నవ్వబోయాడు. అంతలో చూపు గేమ్ మీద పడింది. "అరె... గిది ఇంక నడుస్తున్నదా!"

చెయ్యి చాచాడు. నాగేందర్ వెనక్కి లాక్కున్నాడు.

"ముట్టకు."

"ముట్టను తీ. తాళంచెవి పట్టుకొని ఎక్కుతున్నవ్. ఆ బరువుకు నిచ్చెన ఇరుగుతది. ముందుగల దాన్ని పైకి ఇసురు. ఉట్టి చేతులతోని ఎక్కు."

"నిన్నెవలు అడిగిండ్రు?"

"ఎవలు అడగలే. ఎన్నడో అందాల్సిన మాట. అందలే."

"సూడు కాకా!" నాగేందర్ లేచి నిలబడ్డాడు. "ఈ ఆట నాకు చెప్పేటోడు ఒక్కడే. మా అన్న. సముద్రం అవతలికెళ్లి ఆయన చెప్తె ఇక్కడ నేను ఆడిన. నాకు ఆయనవి మిగిలినయి గా మాటలే. మా ఇద్దరి నడుమల ఇంకోడు రావద్దు. నడువు."

పెద్దాయన ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. నాగేందర్ కళ్లలో నీళ్లు చూశాడు.

"మంచి ఆటగాడు తమ్మీ మీ అన్న," అన్నాడు.

బ్యాగు భుజానికేసుకుని పోయి నిజామాబాద్ బస్సెక్కాడు. బస్సు కదిలిపోయింది.

"వీనికేం ఎరుక మా అన్న సంగతి!" గొణిగాడు నాగేందర్.

గేమ్ బల్ల మీద పడేశాడు. మళ్లీ తీశాడు.

తాళంచెవిని పైకి విసిరాడు. ఉట్టి చేతులతో ఎక్కించాడు. నిచ్చెన ఊగింది. విరగలేదు.

తలుపు తెరుచుకుంది.

అవతల ఇంకో గది. ఇంకో నిచ్చెన. అంతే.

మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చిన తల్లి భీమవ్వ, కొడుకు మొహం చూసి ఆగిపోయింది.

"ఏమైందిరా? గట్లున్నవేంది?"

"తలుపు తీసిన అవ్వా. అన్న మాట ఆగిపోయిన కాడ."

"ఎట్ల తీసినవ్?"

"ఎవడో ఏజెంటు వచ్చి చెప్పిండు. వేల్పూరు రాజనర్సట. ఎళ్లగొట్టిన."

భీమవ్వ గిన్నె బల్ల మీద పెట్టి గబగబా రోడ్డు మీదికి పోయింది. అటూ ఇటూ చూసింది. మెల్లగా తిరిగొచ్చి బెంచీ మీద కూలబడింది.

"పోయిండా?"

"అప్పుడే బస్సెక్కిండు. ఎవలే ఆయన?"

"మీ అన్న దోస్తు. అక్కడ ఒక్క రూముల ఉంటున్నమని అన్ననే ఫోన్ల చెప్తుండె."

"నాకెన్నడు చెప్పకపోతివి?"

"ఎట్ల చెప్పాలెరా? మా అన్నకు అన్నీ ఎరుకని ఊరంత చెప్పుకుంట మురుస్తుంటివి. అన్న పోయినంక అసలే నోరు రాలే."

"ఏం చెప్పనీకె నోరు రాలే?"

భీమవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పొద్దంత ఇనుప కడ్డీలు మోసేటోనికి ఆటలు యాడియి బిడ్డా... గా రాజనర్సే, తను వంట జేసే షేకు ఇంట్ల పిల్లలు గిదే ఆట ఆడంగ దర్వాజ కాడ నిలవడి సూసి, నువ్వు ఆగిపోయిన కాడినుంచి దారి నేర్సుకొచ్చి, మీ తమ్మునికి నువ్వే చెప్పినట్టు చెప్పుమని అన్నకు అప్పజెప్తుండె."