గుడిసెలో మూడు, హోటల్లో రెండు

హేమలత పుట్టపర్తి బస్టాండు ఎదురుగా మేడ మీద ట్రావెల్స్ ఆఫీసు పెట్టి తొమ్మిదేళ్లయింది. తిరుపతి బస్సులు, బెంగుళూరు కార్లు, కాశీ రైలు టిక్కెట్లు. ఆమె చేతుల మీదుగా పుణ్యానికి పోయినవాళ్లు వేలమంది. సరదా ప్రయాణమని మెట్లెక్కి వచ్చింది మాత్రం వీళ్లే మొదలు.

"అక్కా, అండమానుకు అయిదు రాత్రులు. హనీమూను!" అంది ప్రసూన, కుర్చీలో కూర్చోకముందే.

ఆమె వెనకాల వచ్చిన వీరేష్ చెవులు ఎర్రబడ్డాయి. గోడకున్న క్యాలెండరును శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. ఇద్దరికీ ముప్పై అటూ ఇటూ ఉంటాయి. గోరంట్ల పక్క పల్లె నుంచి వచ్చారట.

"పెండ్లి ఎప్పుడైంది?"

"పోయిన గురువారం. కదిరిలో చేసినాం."

హేమలత మురిసిపోయి టీ తెప్పించింది. కంప్యూటర్లో రెండు బొమ్మలు చూపించింది. ఒకటి దీవిలో, ఇసుక మీదే వేసిన తాటాకు గుడిసె. తలుపు తీస్తే సముద్రం. రెండోది పోర్ట్ బ్లెయిర్ ఊళ్లో నాలుగంతస్తుల హోటలు.

"గుడిసె. అయిదు రాత్రులూ ఆడే," అంది ప్రసూన.

"హోటలు," అన్నాడు వీరేష్, క్యాలెండరు మీంచి కళ్లు తీయకుండానే.

అంతే, మొదలైంది.

"ఇన్నేండ్లూ గుడిసెలో ఉన్నేది చాల్లేదా? అంతదూరం పోయి మళ్లా గుడిసేనా?" అన్నాడు వీరేష్. "మెత్తని పరుపు ఉండల్ల. కొళాయి తిప్పితే వేడినీళ్లు రావల్ల."

"ఏడు బోర్లు వేసినాం మేము. ఏడూ ఎండిపాయ," అంది ప్రసూన. "వాన మోడం యాడుందా అని పైకి చూసి చూసి మెడలు పట్టేసిన కొంప మాది. తలుపు తీస్తానే ఎంతదూరం చూసినా నీళ్లే కనపడల్ల. ఒక పూట కాదు, అయిదు దినాలూ!"

"అవి ఉప్పునీళ్లు. చూసి ఏం చేసేది, సేద్యమా?"

హేమలత మధ్యలో దూరింది. "ఏమప్పా, కొట్లాట ఎందుకు? కొన్ని దినాలు ఆడ, కొన్ని దినాలు ఈడ ఉంటే సరిపోదా?"

ఈ మాటకు ఇద్దరూ ఒక్కటై ఆమె మీద పడ్డారు.

"పెట్టె సర్దేది, పడవ ఎక్కేది, దిగేది, మళ్లా సర్దేది! మోకాళ్లు ఏం కావల్ల?" అంది ప్రసూన.

హేమలత బల్ల మీంచి వంగి ఆమె మోకాళ్ల వైపు చూసింది. ఇందాక రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కి వచ్చిన కాళ్లే అవి. ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదు, అనుకుంది.

"ఆ దీవిలో ఆస్పత్రి ఉండాదా?" అన్నాడు వీరేష్.

"హనీమూనుకు ఆస్పత్రితో ఏం పనప్పా?"

"అదేం మాటక్కా! లేకుంటే ఎట్ల?"

హేమలత మాట మార్చింది. "సరే, అది తర్వాత చూద్దాం. మంచం ఒకటా, రెండా?"

"రెండు," అన్నాడు వీరేష్.

"ఒకటే," అంది ప్రసూన. "పెద్దది రాయక్కా."

"గురక ఉండాది కదా."

"ఎవరికి?" అంది హేమలత.

"ఇద్దరికీ," అన్నారు ఒక్కసారే.

ప్రసూనకు చిర్రెత్తుకొచ్చింది. "అన్నింటికీ అడ్డమే! నీ మొండితనం వల్లనే ఈ పెండ్లి రెండేండ్లు ఆలస్యమైంది."

"నువ్వు మాత్రం? ఊర్లో తలెత్తుకోలేనని వారం దినాలు అన్నం మానేసింది ఎవరు?"

హేమలత చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. "అంటే... ఈ పెండ్లికి ఒప్పుకోనిది..."

"మేమేనక్కా, ఇద్దరమూ." వీరేష్ గొంతు తగ్గింది. మొదటిసారి క్యాలెండరు వదిలి ఇటు తిరిగాడు. "ఎన్నెన్ని మాటలన్నామో. ఇప్పుడు తలచుకుంటే సిగ్గయితాంది. అందుకే ఈ అయిదు దినాలైనా ఏ లోటూ ఉండకూడదని."

ప్రసూన తల వంచుకుని పైటకొంగుతో ముక్కు తుడుచుకుంది.

హేమలత మనసు కరిగి నీరైంది. తన పెళ్లయిన కొత్తలో శ్రీశైలం పోయింది. ఒకే జీపులో పదకొండు మంది. ఆమెకూ మొగుడికీ మధ్య అత్తగారు, అత్తగారి ఒళ్లో చట్నీ క్యారియరు. ఈ పిల్లలకు ఆ గతి పట్టకూడదు. వీళ్లిద్దరినీ కలిపిగానీ కిందికి పంపకూడదనుకుంది.

"నా మాట వినండి," అంది కుర్చీ ముందుకు జరుపుకుని. "మొదటి మూడు రాత్రులు గుడిసె. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే పడవ, ఇసుక, అలలు అన్నీ అయిపోతాయి. చివరి రెండు రాత్రులు హోటలు. వేడినీళ్లు పోసుకుని, పరుపు మీద నడుము వాల్చి, ఆడి నుంచే విమానం. పెద్దాస్పత్రి కూడా ఆ ఊళ్లోనే. పెట్టెలు మోసే మనిషిని నేను మాట్లాడి పెడతా. సంసారమంటే అంతే తల్లీ. ఆమె ఇష్టం కొంత, ఆయన ఇష్టం కొంత."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

"కింది అంతస్తులో గది ఇస్తారా?" అన్నాడు వీరేష్.

"ఇప్పిస్తా."

"అయితే సరే."

"మంచం సంగతి తేల్లేదు," అని గుర్తుచేసింది హేమలత.

వీరేష్ మళ్లీ క్యాలెండరు వైపు తిరిగాడు.

"ఒకటే," అన్నాడు, వినీవినపడకుండా.

ప్రసూన కిసుక్కున నవ్వింది. హేమలతకు కడుపు నిండినట్టయింది. తొమ్మిదేళ్లలో ఎన్నో టిక్కెట్లు తీసిందిగానీ, ఒక కాపురం నిలబెట్టింది ఈ రోజే. వేళ్లు విరుచుకుని కంప్యూటరు ముందుకు జరిగింది.

"ఇంక మీ ఇద్దరి ఆధార్ కార్డులూ ఇయ్యండి, పేర్లు ఎక్కిస్తా."

"మావెందుకక్కా, పెండ్లయింది మా నాయనకూ ఈ వీరేష్ వాళ్ల అమ్మకూ కదా!" అంది ప్రసూన.