నాలుగు మైళ్ల ఎడం

"ఇమానాలు తగిలినయా బిడ్డా?" అని అడిగింది కృష్ణమ్మ.

"లేదమ్మా," అన్నాడు గోవర్ధన్.

"ఎవరికన్న దెబ్బ తాకిందా?"

"తాకలే."

"మరి నిన్నెందుకు ఇంట్ల కూసోబెట్టిన్రు?"

తల్లి ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. చెప్పీ చెప్పీ గోవర్ధన్ అలసిపోయాడు.

పదిహేడేళ్లుగా అతను ఎయిర్‌పోర్టులో రాడార్ ముందు కూర్చుని విమానాలకు దారి చెబుతున్నాడు. ఒకే ఎత్తులో ఉన్న రెండు విమానాల మధ్య కనీసం ఐదు మైళ్ల ఎడం ఉండాలి. రెండు వారాల కిందట ఒక మధ్యాహ్నం, వెనక వస్తున్న విమానానికి వేగం తగ్గించమని చెప్పడంలో కాస్త ఆలస్యం చేశాడు. ఇరవై సెకన్ల పాటు ఆ ఎడం నాలుగు మైళ్లకు పడిపోయింది. వెంటనే సర్దాడు. అలారం మోగలేదు. పైలట్లు ఏమీ అనలేదు. ప్రయాణికులు దిగి, బ్యాగులు తీసుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

మర్నాడు పైఆఫీసుకు రిపోర్టు చేరింది. అంతే, గోవర్ధన్‌ను రాడార్ ముందు నుంచి లేపేశారు. ఎంక్వైరీ తేలేదాకా డ్యూటీ లేదు. తేలాక కూడా కొత్తగా చేరినవాళ్ల పక్కన కూర్చుని మళ్లీ ట్రైనింగ్, మళ్లీ పరీక్ష. రేపోమాపో అనుకుంటున్న ప్రమోషన్ సంగతి ఇప్పుడెవరూ ఎత్తడం లేదు. డ్యూటీలున్నప్పుడు నిద్ర కోసం మొహం వాచినవాడు, పన్నెండు రోజులుగా నాచారంలోని ఇంట్లో మంచం మీద దొర్లుతున్నాడు. నిద్ర మాత్రం రావడం లేదు.

ప్రవీణ కంచం తెచ్చి అతని ముందు పెట్టింది. ఆమె హబ్సిగూడలో ఒక ల్యాబ్‌లో రక్తం శాంపిళ్లు తీస్తుంది. రోజంతా నిలబడే పని. సాయంత్రానికి కాళ్లు వాస్తాయి.

"ఆ టైముకు ఆ రాడార్ కాడ మీరిద్దరే ఉన్నరు. నువ్వు, నీరజ," అంది భర్తతో. "ప్రమోషన్ లిస్టుల నీ ఎనక ఉన్నది గూడ ఆమెనే. ఇంకా వేరే చెప్పాల్నా?"

"నీరజ పేరు తియ్యకు."

"అయితే ఎవరు రాసిన్రో చెప్పు."

"ఎవరు రాస్తే ఏంది? రాసిన దాంట్ల అబద్ధమేం లేదు. ఏడు రోజులు వరుసగ డ్యూటీలు వేస్తే కండ్లు గట్లనే మూతలు పడతయ్. ఎవరో ఒకరు రాయకపోతే పైవాళ్లకు ఎట్ల తెలుస్తది?"

"నీ మీద రాసినోళ్లను నువ్వే ఎనకేసుకొస్తున్నవా!"

గోవర్ధన్ రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

నీరజది ఉప్పల్. ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకే ఆఫీసు కారులో డ్యూటీకి వెళ్లొచ్చేవారు. గోవర్ధన్‌ను అన్నా అని, ప్రవీణను వదినా అని నోరారా పిలిచేది. పోయినేడు నీరజ డెంగీతో దవాఖానాలో పడితే, ఎనిమిది రోజులు రెండు పూటలా ప్రవీణే వండి పట్టుకెళ్లింది. ఆమె కూతురు గీతికను తన ఇంట్లోనే ఉంచుకుంది.

ఆదివారం పొద్దున గోవర్ధన్ ఫోన్ మోగింది. అతను బాల్కనీలోకి వెళ్లి మాట్లాడాడు. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న ప్రవీణకు కిటికీలోంచి మాటలు వినిపించాయి.

"ఏడవకు నీరజా... అయిపోయిందేదో అయిపోయింది. నీ తప్పేం లేదు. ప్రవీణకు నేనే నిమ్మళంగ చెప్త. జర టైమియ్యి."

ప్రవీణ చేతిలోని చీర మంచం మీద పడేసింది. ఇంక అడిగేదేముంది? ఆ రోజు నుంచి నీరజ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

గురువారం సాయంత్రం ఉప్పల్‌లో ఒక పెద్దాయన ఇంటికి వెళ్లి శాంపిల్ తీసుకుని, ప్రవీణ మెట్రో కోసం రోడ్డు మీది నడక వంతెన, స్కైవాక్ ఎక్కింది. లిఫ్ట్ దగ్గర జనం ఎక్కువగా ఉంటే మెట్లెక్కింది. పైకి వచ్చి ఊపిరి తీసుకునేసరికి ఎదురుగా నీరజ, చేతిలో కూరగాయల సంచితో. కళ్ల కింద నల్లటి చారలు. గోవర్ధన్ డ్యూటీలు కూడా ఇప్పుడు ఆమే చేస్తోంది.

"వదినా! ఫోన్ ఎందుకెత్తుత లేరు?"

"నన్ను వదినా అని పిలవకు."

నీరజ అక్కడే ఆగిపోయింది. వెనక వస్తున్నవాళ్లు పక్కకు తప్పుకుని వెళ్తున్నారు. ప్రవీణకు ఎవరు చూస్తున్నారన్న పట్టింపు లేకపోయింది.

"దవాఖానకు నీకు గంజి మోసిన చేతులివి. గీతికను నా పక్కల పండబెట్టుకున్న. ఎవ్వరికీ తెలవని ఇరవై సెకన్లను కాయితం మీద పెట్టినవు గదా! పదిహేడేండ్ల సర్వీసున్న మనిషిని ట్రైనింగ్ పిల్లల పక్కన కూసోబెట్టినవు. తీస్కో, ఆ ప్రమోషన్ నువ్వే తీస్కో."

నీరజ కూరగాయల సంచి కింద పెట్టి రెయిలింగ్‌కు ఆనుకుంది.

"అన్న మీకింకా చెప్పలేదా?"

"ఏం చెప్తడు? నీ పేరు తియ్యొద్దన్నడు. అంతే."

నీరజ కింద సిగ్నల్ దగ్గర ఆగిన బస్సుల వైపు చూసింది.

"రాయొద్దని అన్నను బతిమాలింది నేనే వదినా. వినలే, తన మీద తనే రాసుకున్నడు."