ముందు వరుసలో మూడో కుర్చీ

ఆ పెద్దావిడను కుర్చీలోంచి లేపింది మీరే.

ముందు వరుసలో కాలు మీద కాలేసుకుని, ఒక్క గుండీ కుట్టుకోవడం రాకపోయినా బట్టల మీద తీర్పులు చెప్పే మీరే. వేలు చూపించింది ఒక్కతే. నవ్వింది మాత్రం అందరూ.

ఆ వేలు చూపించిన మనిషి పత్రికలో ఫ్యాషన్ గురించి రాసేది. మాట అంటే తెగిపడాల్సిందేనని ఆమెకు ‘కత్తెర’ అని పేరు. ఆ పేరంటే ఆమెకు గర్వం కూడాను.

ఫ్యాషన్ వీక్ చివరి రోజు. కత్తెర తన నల్లకోటు వేసుకుని వచ్చింది. పదేళ్లుగా ఏ షోకైనా అదే కోటు. అది భుజాల మీద ఉంటే చాలు, ఎవరి మొహం మీదైనా అనేసే దమ్ము వచ్చేసేది.

పక్కన మూడో కుర్చీలో ఒక పెద్దావిడ. వదులుగా వేలాడుతున్న గోధుమరంగు గౌను. జుట్టు గుడ్డపీలికతో ముడేసుకుంది. ఒళ్లో చేతిసంచి.

మొదటి మోడల్ వచ్చింది. జుట్టంతా నడినెత్తికి లాగి కొమ్ములా కట్టారు.

“పాపం, ఆ పిల్ల రెప్ప వాల్చలేకపోతోంది,” అంది పెద్దావిడ.

కత్తెరకు నవ్వొచ్చింది. పుస్తకంలో రాసుకుంది.

రెండో మోడల్. మోకాళ్ల దగ్గర బిగించేసిన గౌను.

“దీంతో మెట్లెక్కాలంటే ఇద్దరు మోసుకెళ్లాలి.”

అదీ రాసుకుంది.

“మీకు ఫ్యాషనంటే అంత ఇష్టమా?” అని అడిగింది, దయతలచినట్టు.

“ఇష్టమో ఏమో తల్లీ. ఆఖర్న ఎర్రకోటు వస్తుందట. దానికోసం వచ్చా.”

అంటూనే పెద్దావిడ కత్తెర భుజం మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరింది. “కోటు భుజం ఎంత బాగా కూర్చుందో నీకు! ఎడమ చంక కింద లైనింగు ఊడినట్టుంది. రెండు కుట్లేయించుకో.”

కత్తెర విదిలించుకుని పక్కకు జరిగింది. “ముట్టుకోకండి! ఇది ఎవరి కోటో తెలుసా?”

మెడ వెనక లేబుల్ తిప్పి చూపించింది. ఆ రోజు షో చేస్తున్న డిజైనర్ పేరే.

పెద్దావిడ లేబుల్ వంక చూడనేలేదు. భుజం వంకే చూస్తోంది.

అంతలో నిర్వాహకుడు పరుగెత్తుకొచ్చాడు. “మేడమ్, హీరోయిన్ గారొచ్చారు. ముందు వరుసలో ఒక్క కుర్చీ కావాలి.”

కత్తెర పక్కకు వేలు చూపించింది. “ఈవిడ కార్డు చూడండి.”

చూశాడు. పేరు ఉండాల్సిన చోట చేతిరాతతో ‘నీలం దారం’ అని ఉంది.

“ఇదేం పేరండీ?”

“నన్ను అలాగే పిలుస్తారు బాబూ. మాస్టరుగారే రాసిచ్చారు.”

“దారం ఇక్కడుంది, సూది ఎక్కడో వెతకండి,” అంది కత్తెర. వరుస వరుసంతా పకపకలు.

“ఇంకెంతసేపు బాబూ, ఆ ఒక్క కోటు చూసి నేనే వెళ్లిపోతా.”

“బయట పెద్ద తెరుంది. అక్కడ చూడండి.”

“తెర మీదైతే నాకు ఆనదయ్యా. దగ్గర్నుంచైతేనే...”

అప్పటికే ఆమె మోచెయ్యి అతని చేతిలో ఉంది.

రెండు నిమిషాలకు ఎర్రకోటు వచ్చింది. హాలంతా లేచి నిలబడింది. ఆ కోటు చేతులు భుజానికి అతికించినట్టు లేవు, మోడల్‌తోపాటే పుట్టినట్టున్నాయి. ‘ఈ డిజైనర్ చేతిలో దేవుడున్నాడు’ అని కత్తెర రాసుకుంది.

మర్నాడు పొద్దున పత్రిక వచ్చింది. పెద్దావిడ అన్న రెండు మాటలూ కత్తెర మాటలుగానే అచ్చయ్యాయి. చివర్లో ఇంకోటి: ‘నా పక్కన గోనెసంచికి చేతులు కుట్టినట్టు ఒకావిడ కూర్చుంది. వారం మొత్తానికి ఘోరమైన డ్రెస్సు అదే.’

ఆఫీసంతా చదివి చదివి నవ్వింది.

కత్తెర కోటు విప్పి కుర్చీకి తగిలిస్తూ ఎందుకో ఎడమ చంక తడిమింది. లైనింగు నిజంగానే ఊడి ఉంది, రెండు వేళ్ల మేర. బయటికి ఎవరికీ కనపడేది కాదు.

వేలు పెట్టి ఎత్తి చూసింది. లోపల నల్ల కుట్టు ముగిసిన చోట చిన్న ముడి.

నీలం.

కత్తెర ఆ డిజైనర్ వర్క్‌షాపుకు ఫోన్ చేసింది. కటింగ్ మాస్టరు ఎత్తాడు. నిన్న షోలో ముందు వరుసలో కూర్చున్నానని చెప్పి అడిగింది.

“కోటు లోపల రంగు దారం ముడి ఎందుకేస్తారు?”

“పనివాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో రంగమ్మా. తప్పొస్తే ఎవరిదో పట్టుకోవాలి కదా.”

“తప్పు రాకపోతే?”

“రాకపోతే ఎవరు విప్పి చూస్తారు?”

“మరి... నీలం?”

“కోట్లకి చేతులు పెట్టేది ఆవిడేనమ్మా. ఇరవై ఆరేళ్లు. చూపు మందగించి మొన్నే మానేసింది. మానేసేముందు ఏం కావాలని అడిగితే, నేను కుట్టింది ఎవరైనా వేసుకుని నడుస్తుంటే ఒక్కసారి ఎదురుగా కూర్చుని చూస్తానంది. ఆవిడ కుట్టినవాటిలో ఎర్రకోటే ఆఖరుది. నా చేత్తోనే కార్డు రాసిచ్చా. సంబరంగా చూసిందామ్మా?”

కత్తెర ఎదురుగా ఉన్న పత్రికను బోర్లా తిప్పింది.

“ఆవిడ అసలు పేరేంటి?”

“కనుక్కోవాలమ్మా,” అన్నాడు మాస్టరు.

కనుక్కోండి. ఇవాళే కనుక్కోండి. లోపల ముడిగా కాదు, మెడ వెనక, ఆ డిజైనర్ పేరు పక్కనే అందరూ చదివేలా కుట్టండి. ఎర్రకోటు తీసుకెళ్లి ఆవిడ గుమ్మం ముందు వేసుకుని నడవండి, ఆ కంటికి ఇంకా ఆనుతుంటే. ఆనకపోతే ఆ భుజం తడిమి చూసుకోనివ్వండి. ఈసారి ఎవరూ పక్కకు జరగొద్దు.