కూర్చోకూడని కుర్చీ

ఫెళ్లున చప్పుడైంది. కుర్చీ కాలు ఒకవైపు పడింది, కుర్చీలో కూర్చున్న టుల్లియా ఇంకోవైపు పడింది.

"అయ్యో, నా కుర్చీ!" అంటూ పరుగెత్తుకొచ్చాడు ఎర్మెతె.

"అక్క నడుం విరిగితే కుర్చీని పరామర్శిస్తావేంరా?" నేల మీంచే కసిరింది టుల్లియా.

ఇటలీలోని మిలాన్‌లో ఫర్నిచర్ ప్రదర్శన, పోటీ అది. ఎర్మెతె తన చేత్తో చేసిన కుర్చీని పోటీకి పెట్టాడు. న్యాయనిర్ణేతలు పక్క స్టాలు దాకా వచ్చేశారు. పోస్టర్లు, పుస్తకాల అట్టలు, దీపాలు, చెంచాలు... ఎర్మెతె చెయ్యిపెట్టని పని లేదు, పట్టుమని నాలుగు రోజులు నిలిచిన పనీ లేదు. ఈసారి బహుమతి రాకపోతే బావ బిస్కెట్ల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరతానని అక్కకి మాటిచ్చాడు పాపం.

గబగబా కాలికి జిగురు పూసి అతికించాడు. ఆరడానికి సాయంత్రమవుతుంది.

"ఈలోగా ఎవరైనా కూర్చుంటేనో?"

"బిస్కెట్లే!" అంది అక్క.

ఎర్మెతె ఓ ఎర్ర అట్ట తీశాడు. తెల్లకాగితం కత్తిరించి, కూర్చోబోతూ గాల్లోనే ఆగిపోయిన బొద్దుమనిషి బొమ్మ ఒకటి దాని మీద అంటించాడు. కింద 'కూర్చోవద్దు' అని రాసి కుర్చీకి తగిలించాడు.

న్యాయనిర్ణేతలకి పెద్ద సిన్యోరా బ్రంబాతి, అంటే బ్రంబాతి మేడమ్, భారీ మనిషి. పొద్దుట్నుంచీ తిరిగి కాళ్లు పీక్కుపోతున్నాయేమో, వస్తూనే కూర్చోబోయింది. బోర్డు చూసి, అచ్చం ఆ బొమ్మలాగే ఆగిపోయింది.

"కూర్చుంటే ఏమవుతుందేం?"

టుల్లియా గట్టిగా కళ్లు మూసుకుంది.

"కూర్చుంటే కుర్చీ కనబడదు కదా, సిన్యోరా!" అన్నాడు ఎర్మెతె.

"అబ్బ! ఎంత లోతుగా ఆలోచించాడో!" అన్నాడు పక్కనున్న కళ్లద్దాలాయన. అందరూ తలలూపుకుంటూ వెళ్లిపోయారు.

సాయంత్రం ఫలితాలు చదివారు. ఎర్మెతెకి మొదటి బహుమతే వచ్చింది. కాకపోతే కుర్చీకి కాదు, స్టాళ్లలో పెట్టే పోస్టర్లూ బోర్డుల విభాగంలో, ఆ బోర్డుకి.

"మరి నా కుర్చీ?"

"ఏ కుర్చీ నాయనా?" అంది సిన్యోరా బ్రంబాతి. "మా కళ్లన్నీ నీ బొమ్మ మీదే ఉండిపోయాయి."

ఎర్మెతె ఉసూరుమంటూ స్టాలుకేసి నడిచాడు. "అట్టముక్కతో ఎవడు బతుకుతాడక్కా? పద, బావ దగ్గరికే పోదాం."

"ముందటు చూడరా!" అంది టుల్లియా.

స్టాలు ముందు, పోటీకి కుర్చీలు పెట్టిన వాళ్లంతా బారులు తీరి ఉన్నారు. అందరికీ ఆ బోర్డే కావాలట. "ముందు నాకు చేసిపెట్టు బాబూ, నా కుర్చీలో ఎవరో ఒకరు కూర్చునేలా ఉన్నారు!" అని వరుసలో మొట్టమొదట నిలబడి చెమటలు తుడుచుకుంటున్నది కుర్చీల విభాగంలో మొదటి బహుమతి కొట్టిన పెద్దమనిషి.